రేకుల లెక్క

అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి సరివి కర్రల పరంజా కట్టినప్పుడు
కొలతల పుస్తకం నా చేతికిచ్చారు.
పొడవు, వెడల్పు, సంఖ్య, మొత్తం.
ఐదో గడి రిమార్కులు,
అందులో ఎవరూ ఏమీ రాయరు.

పై వరస కిటికీల మీద గచ్చు పువ్వులు.
రోడ్డు మీంచి చూస్తే
మీగడ మీద వేలితో గీసినట్టుంటాయి.
నిచ్చెనెక్కి ముక్కు ఆనిస్తే
పెయింటు. పెయింటు కింద పెయింటు.
ఎవరో పెద్దమనిషి వస్తున్నాడంటే ఆ ఏడు ఒక పూత,
నీలం, గోధుమ, మళ్ళీ నీలం,
సందులన్నీ పూడిపోయి
పువ్వులు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి.

ఖుద్దూస్ ఉస్తాద్ పళ్ళ డాక్టరులా పనిచేస్తాడు.
చిన్న ఉలి, బ్రష్షు, నోటితో ఒక ఊదు.
రాలిన పొడి కింద చదువుకునేవాళ్ళ మీద పడుతుంది.
"అన్నా, జర ఆగరాదే, రేపు ఎగ్జామున్నది"
కిటికీలోంచి అరుస్తాడు లింగస్వామి.
ఆరేళ్ళుగా అతనికి రేపే ఎగ్జాము.
ఉస్తాద్ ఆగి బీడీ ముట్టిస్తాడు.
"నీ బుక్కు కంటే పాత దుమ్మిది, పడనీ."

వెనకాల తొట్టిలో బుగ్గమ్మ సున్నం దంచుతుంది:
కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం, మినప్పిండి,
నూరు గుడ్ల తెల్లసొన.
పచ్చసొనలు డబ్బాలో ఇంటికి.
మనవళ్ళకి వారమంతా అదే కూర.
బెల్లం వాసనకి చీమలు బారు కట్టి
మూడంతస్తులు ఎక్కి
పువ్వు దగ్గర దారి తప్పుతాయి.

పద్దెనిమిదో రోజు ఉస్తాద్ పిలిచాడు.
"మేడం, ఇదొక్కటి లెక్కపెట్టు."
ఏడు.
మళ్ళీ పెట్టాను. ఏడే.
మిగిలినవన్నీ ఎనిమిది రేకులవి.
విరిగిన జాడ లేదు, ఖాళీ లేదు,
షేరింగ్ ఆటోలో ఒకరు దిగిపోయాక
మిగిలినవాళ్ళు కాస్త జరిగి కూర్చున్నట్టు
సర్దుకుని ఉన్నాయి.
చూస్తే తెలీదు. లెక్కపెడితేనే.

చాయ్ తాగుతూ తలా ఒక మాట.
పొద్దు గూకిందేమో అన్నాడు కర్రలు కట్టేవాడు.
కూలి సక్కగ ఇయ్యలే, ఒక రేకు పట్టుకున్నడు, అంది బుగ్గమ్మ.
"కొత్త పిలగాడు," అన్నాడు ఉస్తాద్,
"చెయ్యి తిరగనోడు. పక్కన పెద్దోడుంటడు.
చూసిండు. చెరపలే."
అతని ఎడమ బొటనవేలికి గోరు లేదు.
ఎప్పుడు పోయిందో నేనడగలేదు.

"ఎనిమిది చేసెయ్యండి" అన్నారు ఇంజనీరు గారు ఫోన్లో,
"డ్రాయింగులో ఎనిమిదే ఉంది."
డ్రాయింగు గీసింది మేమే,
బస్సుల మధ్య రోడ్డు మీద నిలబడి.
ఉస్తాద్ తల ఊపి
ఆ ఏడింటినే తడిగుడ్డతో నునుపు చేశాడు.

ఆ రాత్రి రాశాను:
పువ్వులు నలభై మూడు.
రేకులు మూడు వందల నలభై మూడు.
రెండు రోజులకి తిరిగొచ్చింది, ఎర్ర సిరాతో.
నలభై మూడు ఎనిమిదులు మూడు వందల నలభై నాలుగు.
సరిచూడండి.
సరిచూశాను, అని పంపాను.
మళ్ళీ వచ్చింది.
మూడోసారి రిమార్కుల గడి ముందు
పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను,
లోపల లక్షల పుస్తకాలున్న గోడకి వీపు ఆనించి.
ఒక్కటీ సాయం రాలేదు.
'ఉన్నవి ఇవే' అని రాశాను.

బిల్లు పాసయింది,
ఒక రేకు కూలి తెగ్గోసి.
ఉస్తాద్ పగలబడి నవ్వాడు.
"అప్పుడు వాడికి గూడ కోసే ఉంటరు!"

పరంజా విప్పిన సాయంత్రం
బేగంబజార్ మిరపకాయల ఘాటు, మూసీ వాసన
కలిసి వచ్చాయి గాలిలో.
లింగస్వామి చాయ్ గ్లాసుతో మెట్ల మీదకొచ్చాడు.
"ఏడు రేకులదేది మేడం?"
నేను చెప్పలేదు.
తల వెనక్కి వాల్చి, పెదాలు కదుపుతూ,
చాయ్ మీద మీగడ కట్టేదాకా నిలబడ్డాడు.
పావురం ఒకటి లేచి ఇంకో పువ్వు మీద వాలింది.
"ఇరవై తొమ్మిది... అరే,"
అని మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టాడు.